మూతపడే కంపెనీలో నా వాటా

గిన్నె అడుగు గీకి నా కంచంలో వేసుకుంటుంటే మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తి, "మూతపడే కంపెనీలో షేర్లు కొన్నావా? మునిగే పడవకి టికెట్ కొన్నదాన్ని నిన్నొక్కదాన్నే చూశా!" అన్నాడు.

కొన్నాను. నా కుట్టుపని డబ్బులతో, ఆయన్ని అడక్కుండా. అసలు గొడవ అదే.

అది ఫ్యాన్లు చేసే కంపెనీ. ఓనర్లయిన అన్నదమ్ములకి పడక మూసేస్తున్నారు. ఇలాంటప్పుడు స్థలం, మిషన్లు అమ్మి, పనివాళ్ల జీతాలిచ్చి, అప్పులు తీర్చి, ఆఖరికి మిగిలింది షేర్లున్నవాళ్లకి పంచుతారు. అంటే అందరూ తిన్నాక మిగిలిందన్నమాట. ఆ పద్ధతి నాకు కొత్తేం కాదు. పెళ్లయిన దగ్గర్నుంచి చివర తింటున్నదాన్ని, గిన్నె చూస్తే చాలు, నాదాకా వస్తుందో రాదో చెప్పేస్తాను. ఆ కంపెనీని కూడా బస్సెక్కి వెళ్లి అలాగే చూసొచ్చాను. మిషన్లు తుప్పు పట్టిపోయాయి గానీ, స్థలం మెయిన్ రోడ్డు మీద, సొంతం. కంపెనీ లెక్కల్లో అప్పు కొంచెమే. షేరేమో పాత ఇనుం ధరకి దొరుకుతోంది.

కొన్నాక స్థలం అమ్మకం ఎంతకీ తెమిలి చావలేదు. ఇంటికెవరొచ్చినా మా ఆయనకి నేనే కాలక్షేపం. "మా ఆవిడ దేంట్లో చెయ్యి పెడితే అది మూతే!" అనేవాడు. నేనూ నవ్వుతూ టీ ఇచ్చేదాన్ని. లోపల మాత్రం ఒకటే ఆలోచన. ఇది పోతే డబ్బొక్కటే కాదు, ఇక ఈ ఇంట్లో నా మాటకి విలువే ఉండదు.

నిన్న డబ్బు పడింది. పెట్టినదానికి రెట్టింపు కంటే కాస్త తక్కువ. ఆయన కళ్లజోడు తుడుచుకుని నా ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ మరోసారి చూశాడు. తర్వాత వంటింట్లోకొచ్చి, చక్కెర డబ్బా ఎక్కడుందో అడిగి మరీ, నాకు టీ పెట్టాడు.

"ఈసారి నా డబ్బులు కూడా పెట్టవే. వెతకడం, వెళ్లి చూడటం నీకు బాగా అలవాటైందిగా."

"పెడతాను. నాకెంతిస్తారు?"

"ఓసినీ! మొగుడి దగ్గర కూడా కూలి అడుగుతావా?"

"పక్కింటావిడకి కుట్టిపెడితే ఆవిడ ఇస్తుంది కదండీ."

గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఇచ్చెయ్యరా! మీ నాన్నకి జన్మంతా ఊరికే చేశాను, నాకేం ఒరిగింది?" గుమ్మందాకా వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, నా దగ్గరా కొన్నున్నాయే. నాకైతే ఎంత తీసుకుంటావ్?"

నవ్వాపుకుని, తల్లీకొడుకులిద్దరికీ ఒకటే రేటు చెప్పాను.