సీసా మీద గీత

ఎస్తేరమ్మ అయిజలోని ఆ చిన్న దవాఖానలో పదకొండేళ్ళుగా నర్సు పని చేస్తోంది. పాము కాట్లు ఆమెకు కొత్త కాదు, మనుషులే ప్రతిసారీ కొత్తగా ఉంటారు.

నిన్న వేరుశనగ పీకుతుంటే మాసయ్యను రక్తపింజర కరిచింది. విషానికి మందు ఎక్కించారు, ప్రాణం నిలిచింది. కానీ మూత్రం నల్ల టీ రంగులో వస్తోంది. విషం ఎర్రకణాలను పగలగొడితే లోపలి హిమోగ్లోబిన్ బయటపడి రెండు ముక్కలవుతుందనీ, ఆ ముక్కలు కిడ్నీలోని సన్నటి నాళాల జల్లెడలోంచి జారి, అవతలి గొట్టాల్లో అడ్డం పడతాయనీ డాక్టరు ఎస్తేరమ్మకు ఓపికగా చెప్పాడు. ఎక్కడో ప్రయోగశాలల్లో ఆ ముక్కలు విడిపోకుండా కట్టేసి, అవి రక్తంలోనే ఎంతసేపు తిరుగుతాయో, కిడ్నీలోని శోషరస (లింఫ్) నాళాల్లోకి ఎంత ఊరుతాయో చూస్తున్నారట.

"మన మాసయ్యకు అట్లా కట్టేదెవరమ్మా? సెలైన్, నీళ్ళు. వీటితోనే కడగాలి," అన్నాడు.

మాసయ్య పెళ్ళాం బుజ్జమ్మకు మాత్రం పొద్దున సీసా మీద గీత గీసి చూపించాడు. మొగుడికి బాగా నీళ్ళు తాగించాలి, మూత్రం ప్రతి చుక్కా ఇందులో పట్టాలి, మధ్యాహ్నానికి గీత దాకా రాకపోతే కర్నూలు తీసుకుపోయి రక్తం కడిగే మిషన్ మీద పెట్టించాలి. అన్నింటికీ బుజ్జమ్మ తల ఊపింది. ఊపని తలను ఎస్తేరమ్మ ఇంతవరకూ చూడలేదు.

మధ్యాహ్నానికి సీసా సరిగ్గా గీత దాకా వచ్చింది, రంగు కూడా పలచబడింది. డాక్టరు సంతోషపడి, సిద్ధంగా ఉంచిన జీపును పంపించేశాడు. నాలుగింటికి మళ్ళీ సరిగ్గా గీత దాకా. ఎస్తేరమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. ఇప్పుడే పోసిన మూత్రం చల్లగా ఎలా ఉంటుంది? మాసయ్య వైపు చూస్తే కళ్ళ కింద ఉబ్బు, పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

గట్టిగా అడిగేసరికి బుజ్జమ్మ దాచకుండా చెప్పింది. వాళ్ళు పోయే కాలువ పనుల్లో మేస్త్రీ దారం పట్టి గుంత కొలుస్తాడు. జానెడు తక్కువైతే ఆ రోజు పని లెక్కలోకి రాదు. అందుకని తక్కువైన కొలతను ఎలాగోలా నింపడం వాళ్ళకు అలవాటు.

"గీత దాక రాకుంటే కర్నూలుకు తోలుతమంటిరి. ఆడికి పోయినోళ్ళు మల్ల రారు సిస్టరమ్మా. గందుకే కుండల నీళ్ళు కలిపిన."

"మరి తాగనీకె ఇచ్చినవా?"

"పాము కరిచినోనికి నీళ్ళు తాపితే విషం పాకుతదంట గద. పొద్దుగాల్నుంచి అడుగుతనే ఉండు. నేనే ఇయ్యలే."

ఎస్తేరమ్మకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మొదట బుజ్జమ్మ మీద, ఆ వెంటనే డాక్టరు మీద, చివరికి తన మీదే కోపమొచ్చింది. ముక్కల సంగతి, జల్లెడ సంగతి అన్నీ తనకు చెప్పారు. నీళ్ళెందుకు తాగించాలో ఈమెకు ఒక్కరూ చెప్పలేదు. తను మాత్రం చెప్పిందా?

"గా నీళ్ళు సీసాల గాదు బుజ్జమ్మా, ఆయన నోట్ల పొయ్యాల్సింది," అంది. నిజంగా ఎంత వచ్చిందని అడిగితే బుజ్జమ్మ సీసా అడుగున రెండు వేళ్ళు పెట్టి చూపింది. అదీ పొద్దుటిదే, కొంచెం మిగిల్చి రెండోసారీ అందులోనే నీళ్ళు కలిపింది. మధ్యాహ్నం నుంచి చుక్క రాలేదు.

ఎస్తేరమ్మ ఫోను చేస్తే డాక్టరు వెంటనే సెలైన్ ఆపమన్నాడు, జీపు పిలిపించమన్నాడు, ఇంకోటి కూడా చెప్పాడు.

జీపులో మాసయ్యను పడుకోబెట్టగానే బుజ్జమ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి అతని నోటి దగ్గర పెట్టింది. ఎస్తేరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడొద్దు. కిడ్నీ బంద్ అయ్యింది. ఇప్పుడు తాపిన నీళ్ళు పోనీకె తొవ్వ లేదు, ఊపిరితిత్తులల్ల నిండుతయి."

బుజ్జమ్మకు ఏం పాలుపోలేదు. పొద్దున తాపమని ఇప్పుడొద్దంటారేమిటన్నట్టు చూసింది. ఎస్తేరమ్మ జీపెక్కి ఆమె పక్కన కూర్చుని, పగిలిన ఎర్రకణాల దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టింది. బుజ్జమ్మ ఈసారి తల ఊపలేదు. నిండు చెంబు ఆమె ఒళ్ళోనే ఉంది, కర్నూలు దారి పొడుగునా మాసయ్య దాన్నే చూస్తూ ఉన్నాడు.