అండాలు వంతు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ ఎదుటి కోచింగ్ సెంటర్‌లో, స్వీపర్ అండాలు నాలుగో అంతస్తు వరండాను అప్పటికి సగం తుడిచేసింది. కొంగు నడుముకు బిగించి, ఎడమ మోకాలి మీద బరువు పడకుండా కుడి కాలు ముందుకు వేసి తుడవడం ఆమె పద్ధతి. పన్నెండేళ్లుగా మన్సూరాబాద్ నుంచి పొద్దున్నే వచ్చి చేస్తున్న పని. ఏ మూల నీళ్లు నిలుస్తాయో ఆమె పాదాలకు తెలుసు.

పొద్దుట్నుంచి టీ తాగలేదు, నీళ్లూ తాగలేదు. తాగితే పోవాలి మరి! లెక్చరర్ల బాత్రూమ్ రోజుకు మూడుసార్లు కడిగేది ఆమే, అందులోకి పోకూడనిదీ ఆమే. పనివాళ్లయితే కింద సెల్లార్‌లో, పార్కింగ్ వెనక ఉన్న దాంట్లోకి పోవాలి. దాని తాళం వాచ్‌మన్ దగ్గర. ఆ మహానుభావుడు ఏ వేళకు ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. షుగరున్న మనిషి, యాభై మూడేళ్ల మోకాళ్లు, నాలుగంతస్తుల మెట్లు! పోయినేడు ఒకసారి మెట్ల మీదే చీర తడిసిపోయింది. బకెట్ ఒలికిందని అబద్ధమాడి, సాయంత్రం దాకా ఆ చీరతోనే పనిచేసింది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

ఆ ఆదివారం గ్రూప్స్ పిల్లలకు పెద్ద హాల్లో డాక్యుమెంటరీ వేశారు. అంతరిక్షంలో మనుషులు ఎలా బతుకుతారో, ఏం పని చేస్తారో తెలుగులో వివరిస్తున్నారు. వెనక వరస కుర్చీల కింద తుడుస్తున్న అండాలు తలెత్తి చూసింది. ఎత్తిన తల మళ్లీ దించలేదు.

జుట్టంతా పైకి లేచిన ఒకావిడ గాలిలో తేలుతూ నీటి బొట్టును నోటితో అందుకుంది. సరే, సర్కస్ అనుకుందాం. ఆ తర్వాత చూపించిందే అండాలును కట్టిపడేసింది. అంతంత చదువులు చదివిన వాళ్లు శనివారం వచ్చేసరికి గుడ్డలు పట్టుకుని గోడలు తుడుస్తున్నారు. వాళ్లందరికీ పెద్ద అయిన ఆయన చేతులకు తొడుగులు వేసుకుని బాత్రూమ్ బాగుచేస్తున్నాడు. అందరూ దాన్నే వాడతారట, వంతులేసుకుని అందరూ కడుగుతారట.

"పెద్దసారే కడుగుతున్నడా బిడ్డా?" అని చివరి కుర్చీలో నోట్సు రాసుకుంటున్న శ్రీకళను అడిగింది.

"ఆడ అందరూ కడగాలె ఆంటీ. యూరిన్ గూడ ఫిల్టర్ చేసి తాగుతరు."

"అవ్వ! గంత దూరం పోయినోళ్లకు లేని అంటు, గీ నాలుగో అంతస్తుల ఎట్లొచ్చిందే?"

శ్రీకళ పెన్ను ఆపింది. నోట్సు మూసేసింది.

సినిమా అయ్యేసరికి అండాలుకు పొత్తికడుపు బిగుసుకుపోయింది. వరండాలోకి వచ్చింది. ఎడమవైపు మెట్లు, కుడివైపు లెక్చరర్ల బాత్రూమ్. కుడివైపే నడిచింది. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. పన్నెండేళ్లలో ఆ గడియ లోపల్నుంచి పెట్టడం అదే మొదలు. భయం వేయలేదు. ఇన్నాళ్లూ ఎందుకు ఆగానా అని తన మీద తనకే ఒళ్లు మండింది.

తలుపు దబదబా మోగింది. మేనేజర్ శ్రీరామమూర్తి గొంతు. "ఎవరండీ లోపల?"

"నేను సారూ, అండాలును. జర ఆగుండ్రి."

"నువ్వా? మతిగానీ పోయిందా? ముందు బయటికి రా!"

"పని కాంగనే ఒస్త."

బయట పిల్లలు పోగవుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె నిమ్మళంగా కానిచ్చింది. నీళ్లు కొట్టి, బ్రష్షుతో రుద్ది, చేతులు కడుక్కుని, బ్రష్షు చేత్తో పట్టుకునే తలుపు తీసింది.

శ్రీరామమూర్తి ముఖం కందిపోయింది. "ఇంకెప్పుడూ ఇందులోకి రానని వీళ్లందరి ముందూ చెప్పు. చెప్తే ఊరుకుంటా. లేదంటే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

ఈ పని పోతే మళ్లీ గడప గడపా తిరిగి అడగాలి. ఆ సంగతి అండాలుకు తెలుసు. అయినా తలెత్తి ఆయన్నే చూసింది.

"చెప్ప సారూ. కడిగితే రాని కంపు, నేను పోతే ఒచ్చిందా? నేనే పోయిన, నేనే కడిగిన. ఇగ మీ వంతు."

చేతిలోని బ్రష్షు ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఏమరుపాటున పట్టేసుకున్నాడు. పిల్లలు పక్కకు జరిగి దారి ఇచ్చారు. అండాలు కొంగు విప్పి భుజం మీద సర్దుకుని, రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్లిపోయింది.

వరండాలో శ్రీరామమూర్తి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలోని బ్రష్షు నుంచి నీళ్లు బూటు మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి, దాన్ని అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.