పోలయ్య గంజిలో ఉప్పు

ఉప్పుమడుల గట్టు మీద నడుస్తున్నాను, గట్టు ఎంతకీ తరగదు, రెండు వైపులా ఉప్పు కుప్పలు తెల్లగా మెరుస్తున్నాయి, దగ్గరికి వెళ్తే ఒక్కొక్క కుప్పా మా ఇంటి గోడైపోతోంది, గోడ దాటితే మళ్లీ మడులే. గట్టు చివర పోలయ్య కూర్చుని ఉన్నాడు. నా పెనిమిటి. పోయి ఇరవై ఆరేళ్లయినా నలభై ఆరేళ్లవాడిలాగే ఉన్నాడు. నా తలే ముగ్గుబుట్టయింది.

"ఇంత ఆలీసమేటే ఒలే? ఆకలేస్తంది, గంజెట్టు."

గంజిగిన్నె నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. ఇవ్వను, గుండెలకు హత్తుకుంటాను. ఆ రోజూ ఇలాగే అడిగాడు, తల తిరుగుతోందన్నాడు, మడుల్లో ఎవరికి తల తిరిగినా మేమందరం చేసే పనే నేనూ చేశాను: చెమటకి ఒంట్లో ఉప్పు పోయిందనుకుని కుప్ప మీది ఉప్పు పిడికెడు గంజిలో కలిపి తాగించాను. సాయంత్రానికి మూతి వంకరపోయింది, మాట పడిపోయింది. ఒక్క మాటైనా చెప్పకుండానే వెళ్లిపోయాడు.

"గంజిలో ఉప్పు కలిపి నానే సంపీసాను మావా," అంటాను. "బీపీ అంటే నాకేటి తెలుసు? నువ్వెల్పోనాకే గదా అచ్చరాలు నేర్సుకున్నాను. ఆసుపత్రోళ్ల కాయితం కూడబలుక్కుని సదివితే అందులో ఉంది, ఉప్పు తగ్గించాలని."

పోలయ్య నవ్వుతాడు. "సదివితే మొత్తం సదవాల. నా సుట్ట నేదా అందులో? నా సారా నేదా? మా అయ్యా ఇలాగే పడిపోనాడు, అది నేదా? అన్నీ ఒగ్గేసి నీ పిడికెడుప్పే అట్టుకున్నావు."

ఉన్నాయి. అన్నీ ఉన్నాయి ఆ కాయితంలో. మడిలో నీళ్లు మోకాళ్ల దాకా వస్తాయి, వెచ్చగా ఉన్నాయి, ఆయన మొహం కాసేపు మా అబ్బాయి దాలయ్య మొహమవుతుంది. వాడికీ ఈ ఏడాది నలభై ఆరే. ఊళ్లో ఆశా వర్కరు అమ్మాయి చేతికి పట్టీ చుట్టి చూసి బీపీ నూట డెబ్భై అంది. బిళ్లలిచ్చి పది రోజులైంది, ఒక్కటీ మింగలేదు.

"'నాకేటి నొప్పా, మంటా? ఒకపాలి మొదలెడితే సచ్చేదాకా మానకూడదంట, నానెయ్యను' అంటన్నాడు మావా. ఎంత ఏడిసినా ఇనడు."

"ఏడిస్తే ఏటింతాడు? ఆ గంజి సంగతి సెప్పినావా ఆడికి?"

లేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"సెప్పు. నాకు నోరు పడిపోనాది. నీకుంది గదా."

గిన్నె మెల్లగా నా చేతుల్లోంచి తీసుకుంటాడు. అలవాటు కొద్దీ నేను కుప్ప వైపు చెయ్యి చాపితే అడ్డం పెట్టి, "ఉల్లిపాయ సాల్లే" అని, ఒక ఉల్లిపాయ గట్టు మీద పెట్టి పిడికిలితో గుద్దుతాడు.

ఆ చప్పుడుకే మెలకువ వచ్చింది. తెల్లారింది. గుమ్మం దగ్గర దాలయ్య గంజి ముందు కూర్చుని ఉన్నాడు.

"నిద్దట్లో అయ్యతో ఒకటే కబుర్లు," అన్నాడు తలెత్తకుండా. "గంజి సంగతి ఇన్నానులే అమ్మా. నీ తప్పేటుంది?"

ఉప్పు జాడీ మూత తీసి లేదు. వాడి పక్కన బిళ్లల అట్టలో ఒక గుంట ఖాళీగా ఉంది, గడప మీద చితికిన ఉల్లిపాయ ఉంది.