పదిహేడో నంబరు టార్చి

మూడోసారి లెక్కపెట్టినా పనిముట్ల పెట్టెలో ఒక గుంట ఖాళీగానే ఉంది. నల్లటి స్పాంజిలో వేలెడంత గుంట. అందులో ఉండాల్సింది పదిహేడో నంబరు చిన్న టార్చి. రెన్ బావోషెంగ్ కళ్లద్దాలు తుడుచుకుని, ఆ గుంటను వేలితో తడిమి కూడా చూశాడు. ఉంటే కదా.

చైనా ఉత్తరాన ఉన్న హోహోట్ విమానాశ్రయంలో ఆ ఉదయం చలి మైనస్ ఇరవై ఎనిమిది. ఏడున్నరకు ఎగరాల్సిన విమానం ముందు బస్సులో ఎనభై ఇద్దరు ప్రయాణికులు కూర్చున్నారు. పని మొదలుపెట్టేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, ముగిశాక ఒకసారి పనిముట్లు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా విమానం కదలకూడదు. సరిపోయాయని సంతకం పెట్టాల్సింది పనిముట్ల గది చూసుకునే రెన్.

"ఓయున్, టార్చి ఏది?"

"నా దగ్గర లేదు మేస్త్రీ. రెండోసారి లెక్కకి పెట్టెలోనే ఉంది. మీరే కదా టిక్కు పెట్టారు," అంది మెకానిక్ ఓయున్. తెల్లవారుజాము నుంచి ఇంజిన్ల కిందే ఉండి, ఆమె కనురెప్పల మీద మంచు పేరుకుంది.

మేనేజరు లూ పరుగున వచ్చాడు. "ఏ మంచులోనో పడుంటుంది పెద్దాయనా. సంతకం పెట్టేయండి."

"ఇంజిన్లో పడుంటే?"

లూ పళ్లు కొరికాడు. కంపెనీ పుట్టి మూడేళ్లయినా కాలేదు. ఉన్నవి నాలుగే విమానాలు, నాలుగూ స్వదేశంలో తయారైనవే. పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఊరంతా పెదవి విరుస్తుంది. "ఇంజిన్ల మూతలన్నీ విప్పండి. దొరక్కపోతే ఆ అమ్మాయి లైసెన్సు సంగతి నేను చూస్తాను."

బస్సును వెనక్కి తిప్పుతుంటే, తలుపు దగ్గర నిలబడ్డ బొచ్చుటోపీ ఆయన పక్కవాడితో అన్నాడు. "మనవాళ్లు చేసిన విమానం కదా. రైలెక్కుదామని నెత్తీనోరూ బాదుకున్నాను, విన్నావా?" నలుగురు నవ్వారు. రెన్‌కు తన కన్నబిడ్డను తిట్టినట్టయింది. ఇరవై తొమ్మిదేళ్లు రైలుపెట్టెల కర్మాగారంలో పనిముట్లు కాచి, అది మూతపడ్డాక ఇక్కడికొచ్చినవాడు. మొదటిరోజు ఈ విమానం పొట్ట మీద చెయ్యి వేసి, ఎవరూ చూడకుండా నిమిరినవాడు. అరవై నిండాయి. ఇంకో ఏడాది ఉద్యోగంలో ఉండనిచ్చే కాగితం లూ బల్ల మీద ఈరోజు సంతకానికి ఉంది. భార్య పోయాక పొద్దున్నే లేచి వెళ్లడానికి అతనికి ఈ గది తప్ప మరో చోటు లేదు.

గంటన్నర వెతికారు. చిన్న మరలు చేతికి తెలియాలని ఓయున్ గ్లవ్స్ తీసేసింది. ఆమె వేళ్లు బీట్‌రూట్ ముక్కల్లా అయ్యాయి. రెన్ ఇంకో స్క్రూడ్రైవర్ కోసం గదిలోకి వెళ్లి కింది సొరుగు మీదికి వంగాడు. పక్కటెముకల్లో ఏదో గట్టిగా గుచ్చుకుంది.

గొర్రెతోలు కోటు లోపలికి చెయ్యి పెట్టాడు. టార్చి. వెచ్చగా ఉంది.

చలికి బ్యాటరీ చచ్చి వెలుగు మసకబారితే, రెండో లెక్క అయ్యాక తనే తీసి ఒంటివేడికి జేబులో వేసుకున్నాడు. ప్రతి చలికాలం చేసే పనే. ఈలోగా తెల్లారింది. ఓయున్ అడగలేదు, అతను మర్చిపోయాడు.

ఎవరూ చూడలేదు. విమానం చక్రం పక్కన మంచులో జారవిడిస్తే చాలు. మాట పడేది ఓయున్. తన కాగితం మీద సంతకం పడుతుంది. సిగ్గుచేటు గానీ, దాచడమెందుకు, రెన్ చక్రం దాకా నడిచాడు. చెయ్యి కిందికి దించాడు కూడా.

ఇంజిన్ కింద నుంచి ఓయున్ తల బయటపెట్టింది. "మేస్త్రీ, ఈ చలికి మీరు పడిపోతారు. లోపలికెళ్లండి. నేను చూస్తాను."

రెన్ టార్చి పైకెత్తి చూపించాడు. "మూతలు బిగించెయ్. నా జేబులోనే ఉంది."

ఓయున్ టార్చి వైపు చూసింది. అతని మొహం వైపు చూసింది. "గంటన్నర, మేస్త్రీ," అంది. వెనక్కి తిరిగి, కొంకర్లుపోయిన వేళ్లతో మరలు బిగించడం మొదలుపెట్టింది.

అంతా బిగించి, మళ్లీ లెక్క చూసి, రెన్ సంతకం పెట్టాడు. ప్రయాణికులు తిరిగి వచ్చినప్పుడు బస్సు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. లూ కళ్లతోనే వద్దన్నాడు. అతను వినలేదు.

"విమానం మంచిదే," అన్నాడు బొచ్చుటోపీ ఆయనతో. "మతిమరుపు నాది. ఒక టార్చి నా జేబులో పెట్టుకుని, మిమ్మల్నందరినీ కూర్చోబెట్టాను."

"సరే తాతా, పోనీలే," అని ఆయన విమానం మెట్లెక్కాడు.

తొమ్మిదీ నలభైకి విమానం లేచింది. లూ తన బల్ల మీదున్న రెన్ ఉద్యోగం కాగితాన్ని సంతకం లేకుండానే సొరుగులో పడేశాడు. "సాయంత్రం గది తాళాలు ఓయున్‌కి ఇచ్చేయండి," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

మధ్యాహ్నమంతా రెన్ తలుపు వేసుకుని గదిలోనే ఉన్నాడు. ఓయున్ బల్ల మీద తాళాలు పెట్టి ఆరింటి బస్సు ఎక్కాడు. వెళ్తుంటే ఎవరూ చూడలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఓయున్ పెట్టె తెరిచింది. ఏ గుంటా ఖాళీగా లేదు. పదిహేడో నంబరు టార్చి మాత్రం ఒక చిన్న ఎర్ర సంచిలో ఉంది. సంచి లోపల గొర్రె బొచ్చు. కోటు పైన, అందరికీ కనిపించేలా మెడలో వేసుకోవడానికి పొడుగాటి తాడు. ఎర్ర గుడ్డ మీద తెల్లదారంతో, కళ్లు సరిగా ఆననివాడి చెయ్యి కుట్టిన వంకర అంకెలు: పదిహేడు.