ఎడమవైపు ఆలస్యం

ఫణీంద్ర ఎడమ చెవి ఒక ఆదివారం ఉదయం ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. సినిమాలకు శబ్దం కూర్చే మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? పంజాగుట్టలో అతనికి మిక్సింగ్ స్టూడియో ఉంది. మాట, పాట, వాన చప్పుడు, ఏది ఏ స్పీకర్లోంచి ఎంత రావాలో తేల్చేది అక్కడే. బంజారా హిల్స్ ఆసుపత్రిలో మందులు వాడాక వినికిడి తిరిగి వచ్చిందన్నారు. పరీక్షలూ అదే చెప్పాయి.

స్టూడియోకు వచ్చిన మొదటి రోజే చేతిలో ఉన్న సినిమాలోంచి ఒక పాట పెట్టాడు. గాయని గొంతు కుడి, ఎడమ స్పీకర్లలో సమానంగా ఉంది కాబట్టి సరిగ్గా తెర మధ్యలోంచి వినిపించాలి. కానీ కుడిపక్కకు ఒరిగిపోయి వినిపించింది. శబ్దం తగ్గించాడు, పెంచాడు, కళ్ళు మూసుకున్నాడు. గొంతు అక్కణ్ణించి కదల్లేదు.

ఎవరినైనా పిలిచి ఎలా వినిపిస్తోందని అడిగితే తేలిపోయేది. అడగలేకపోయాడు. వాళ్ళు బాగానే ఉందంటే ఇన్నేళ్ళ పని అక్కడితో ముగిసినట్టే. కొన్నాళ్ళు ఆ భయాన్ని ఒక్కడే మోసి, చివరికి యశస్వినికి ఫోన్ చేశాడు.

యశస్విని అమీర్‌పేటలో ఉంటుంది. థియేటర్లలో స్పీకర్లను కొలిచి సరిచేయడం ఆమె పని. మిక్సింగ్ కూడా వచ్చు గానీ పెద్ద సినిమా ఇంకా చేతికి రాలేదు.

ఆమె వచ్చి కూర్చోగానే ఫణీంద్ర అన్నాడు: "ఈ సినిమా నువ్వు తీసుకోమ్మా. డైరెక్టర్ గారితో నేను మాట్లాడతాను. నా చెవి ఇక పనికిరాదు."

ఆమె విషయమంతా వింది. "గా పాట జర పెట్టుండ్రి సర్" అంది.

పాట మొదలైంది.

"గొంతు ఎటు దిక్కు ఉన్నది?"

"కుడివైపు."

"ఇప్పుడు కుర్చీ తిప్పి, తెరకు వీపు పెట్టి కూసోండ్రి."

ఫణీంద్ర తిరిగి కూర్చున్నాడు. "ఎడమ..." అన్నాడు. "ఎడమవైపు వస్తోందమ్మా!"

"చెవి ఖరాబైతే మీరు ఎటు తిరిగినా కుడి దిక్కే వినిపిస్తది సర్. మీరు తిరిగితే గొంతు ఎడమకు వచ్చింది, అంటే అది గా స్పీకర్ దగ్గర్నే ఉన్నది. మీ చెవి మంచిగనే ఉన్నది. గడబిడంతా మిషన్ల ఉన్నది."

ఇంత చిన్న పరీక్ష తనకెందుకు తట్టలేదో ఫణీంద్రకు తెలుసు. భయం దేన్నీ తట్టనివ్వదు.

యశస్విని అతని కుర్చీ దగ్గర కొలిచే మైకు నిలబెట్టి, ఒక్కో స్పీకర్లోంచి టిక్కుమనే శబ్దం పంపింది. అన్నీ ఒకేసారి చేరుతున్నాయి, ఎడమది తప్ప. అది రెప్పపాటులో చిన్న ముక్కంత వెనకబడుతోంది. ముందు చేరిన శబ్దం వైపుకే చెవి మొగ్గుతుంది.

"ఎడమ దిక్కు ఏమన్న మార్చిండ్రా?"

స్టూడియో వ్యవహారాలు చూసే భార్గవ్‌ను పిలిచారు. "సార్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎడమ స్పీకరును నడిపే ఆంప్లిఫయర్ కాలిపోయిందండీ. తెలిసినవాళ్ళ ఫంక్షన్ హాల్ నుంచి ఒకటి తెచ్చి పెట్టించాను" అన్నాడు అతను కంగారుగా.

హాల్లో ముందునుంచి వచ్చే శబ్దంతో కలిసేలా వెనక వరుసల స్పీకరుకు కావాలనే పెట్టిన ఆలస్యం దాంట్లో అలాగే ఉండిపోయింది. యశస్విని దాన్ని తీసేసి, అన్ని స్పీకర్లనూ మరోసారి కొలిచి, పాట పెట్టింది.

గొంతు తెర నడిమధ్యన నిలబడింది. ఫణీంద్ర పాట అయ్యేదాకా కదల్లేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు ఊరుకుని ఉంటే ఈ సినిమా నీదయ్యేది కదమ్మా."

"మీ చెవి మంచిగున్నదని తెలిసినంక ఎట్ల తీసుకుంట సర్?"

"అయితే ఇద్దరం కలిసి చేద్దాం. టైటిల్స్‌లో నీ పేరు నా పేరు పక్కనే ఉండాలి. కాదనకు."

ఆమె నవ్వి, బ్యాగులో పెట్టబోతున్న హెడ్‌ఫోన్లు మళ్ళీ బల్లమీద పెట్టింది. ఆమెకు మాత్రం అది చిన్న మాటా?

ఫణీంద్ర వరండాలోకి వెళ్ళి భార్య సుమశ్రీకి ఫోన్ చేశాడు. కింద పంజాగుట్ట రోడ్డు మీద హారన్లు మోగిపోతున్నాయి.

"ఏంటండీ, ఏమైంది? గొంతు అలా ఉందేం?" అందామె.

"ఏం లేదు" అన్నాడు, ఫోన్ ఎడమ చెవికి ఆనించి. "నువ్వు మాట్లాడు. వింటాను."