చివరిగా అన్న తర్వాత

కరుణశ్రీ ప్రసంగంలో అన్నీ ఉన్నాయి, ముగింపు తప్ప.

రాయడం చేతగాక కాదు. ప్రసంగం ఎలా ముగుస్తుందో ఆమెకు తెలియదు. పుట్టినప్పటి నుంచి తిరువూరులో ఆ చర్చికే వెళ్తోంది. ఇప్పుడు అక్కడి స్త్రీల సమాజానికి కార్యదర్శి కూడా. అయితే పాస్టరుగారు "చివరిగా" అనగానే ఆడవాళ్ళంతా లేచి, కొంగులు దోపుకుని, పెరట్లో వంటపాకలోకి వెళ్ళిపోవాలి. ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందుకు అన్నం వార్చాలి, పళ్ళాలు కడగాలి, పప్పుకు తిరగమోత పెట్టాలి. ఆ మాట తర్వాత లోపల ఏం జరుగుతుందో మగవాళ్ళకే తెలియాలి. మొగుణ్ణి అడిగింది. ఆ సమయానికి తాను చెప్పులు ఎక్కడ విడిచానా అని ఆలోచిస్తుంటానని అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఏటా వచ్చే స్త్రీల ఆదివారంనాడు పాటలూ ప్రార్థనలూ ఆడవాళ్ళవే. వాక్యం చెప్పడం, అంటే ప్రసంగం, మాత్రం మగవాళ్ళదే. ఈసారి పాస్టరుగారు విస్సన్నపేట సభలకు వెళ్తున్నారని తెలిసి, ఆ రోజు వాక్యం తానే చెప్తానని కరుణశ్రీ కమిటీలో అడిగింది. ఆ తర్వాత కూడా ప్రతినెలా మొదటి ఆదివారం తనకే ఇవ్వమంది. సంఘపెద్ద సుందరరాజు మీసం సవరించుకుని, మరి వంటెవరు చేస్తారని అడిగాడు.

"మీరే చేయండి," అంది కరుణశ్రీ.

సుందరరాజుకు రోషం వచ్చింది. సరే, వండేది మేమే అన్నాడు. కాకపోతే ఒక షరతు. ప్రసంగం అయ్యేదాకా ఆడవాళ్ళు చర్చి గడప దాటకూడదు, మగవాళ్ళు వంటపాక వదలకూడదు. ఎవరు ముందు తమ చోటు వదిలితే వాళ్ళు ఓడినట్టు. ఆడవాళ్ళు ఓడితే ప్రసంగాల ఊసు మళ్ళీ ఎత్తకూడదు. మగవాళ్ళు ఓడితే మొదటి ఆదివారం కరుణశ్రీది.

తీర్పరిగా మౌలాలిని పెట్టారు. చర్చికి షామియానాలూ గుండిగలూ అద్దెకిచ్చేది అతనే. రెండు పక్షాలూ తనకు గిరాకీలే కాబట్టి అన్యాయం చేసే ధైర్యం తనకు లేదని చెప్పి, ఆ ఆదివారం పొద్దున్నే చర్చికీ పాకకూ మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

కరుణశ్రీ మైకు పట్టుకుంది. అంశం పరిచర్య. ముందు వరసలో మేరమ్మ, సంఘంలో అందరికంటే పెద్దావిడ, కళ్ళు తుడుచుకుంటూ వింటోంది. గేటు దగ్గరి లౌడ్‌స్పీకర్లోంచి తన గొంతే తనకు తిరిగి వినపడుతుంటే కరుణశ్రీకి ఒళ్ళు పులకరించింది.

అప్పుడు కిటికీలోంచి వాసన వచ్చింది.

మామిడికాయ పప్పు అడుగంటుతోంది. ఆడవాళ్ళందరి ముక్కులూ ఒక్కసారి అటు తిరిగాయి. పాకలో ఏదో మూత దొర్లిపడింది. ఆవాలు ముందా జీలకర్ర ముందా అని బాలశౌరి ఎవరితోనో తగువు పడుతున్నాడు. బాలశౌరి ఆ చర్చిలో పాటలకు డోలు వాయిస్తాడు, గరిటె పట్టడం అదే మొదలు. ఉప్పు డబ్బా ఎక్కడుందో అరిచి చెప్పాలని మేరమ్మ పెదవులు ఆడాయి. కరుణశ్రీ ప్రసంగం ఆపకుండానే ఆవిడ వైపు ఒక చూపు చూసింది. మేరమ్మ బెంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఆ వాసనను కూడా తట్టుకున్నారు. గండం గడిచిందనుకుంది కరుణశ్రీ. అక్కడికి ఆమె రాసుకున్నది అయిపోయింది. ఇక ముగించాలి. పెద్దవాళ్ళు ఎలా ముగిస్తారు? ఆమెకు తెలిసింది ఒక్కటే మాట.

"చివరిగా..."

అన్నాక గానీ వెలగలేదు.

మేరమ్మ లేచింది. ఆవిడ వెనక వరస లేచింది, దాని వెనక వరస లేచింది. కొంగులు బొడ్లోకి వెళ్ళాయి. ఎవరి మొహంలోనూ ఆలోచన లేదు. ఏళ్ళ తరబడి ఆ మాటకు లేచిన కాళ్ళు వాటంతటవే గుమ్మం వైపు నడుస్తున్నాయి.

"కూర్చోండి, పిన్నీ, కూర్చోండి," అని కరుణశ్రీ మైకులో బతిమాలింది. వినేవాళ్ళు లేరు. మైకు వదిలి పరుగెత్తింది. మేరమ్మ గుమ్మం చేరింది. కుడికాలు ఎత్తింది. అది గడప అవతల పడితే కరుణశ్రీ నోరు ఈ జన్మకు మూతపడినట్టే.

కాలు గాలిలో ఆగిపోయింది.

వెనకనుంచి వచ్చినవాళ్ళు ఆవిడ వీపుకు గుద్దుకుని ఒకరి మీద ఒకరు వాలారు. మేరమ్మ తలుపు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, నోరు తెరిచి పెరట్లోకి చూస్తోంది. కరుణశ్రీ ఆవిడ నడుం గట్టిగా పట్టుకుని భుజం మీదుగా చూసింది.

షామియానా కింద మగవాళ్ళు బంతిగా కూర్చుని ఉన్నారు. చేతులు కడుక్కున్నారు. ఎదురుగా ఖాళీ పళ్ళాలు పెట్టుకున్నారు. లౌడ్‌స్పీకర్లో "చివరిగా" వినపడగానే వాళ్ళ అలవాటు వాళ్ళు చేశారు. పాకలో పొయ్యి ఒంటరిగా మండుతోంది. బంతి మొదట్లో ఉన్న సుందరరాజు తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

"అలా చూస్తారేంటమ్మా, వడ్డించండి. ఆకలేస్తోంది."

ఆయన మొహంలో నెత్తురు మెల్లగా దిగిపోయింది. పళ్ళెం చూశాడు, పాక చూశాడు, మౌలాలిని చూశాడు.

మౌలాలి కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు. వంగి మేరమ్మ కాలు పరీక్షగా చూశాడు.

"అమ్మగారి కాలు ఇంకా గాల్లోనే ఉందండి. మీరేమో కూర్చున్నారు కూడా."

అలవాటు మీద వచ్చేశామని సుందరరాజు వాదించబోయాడు గానీ, అదే సమయానికి పాకలోంచి నల్లటి పొగ లేచింది. బంతి మొత్తం లేచి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

కరుణశ్రీ అందరినీ వెనక్కి మళ్ళించి, మళ్ళీ మైకు అందుకుంది. ముగింపు ఇప్పుడు దొరికింది.

"ఒక్క మాట వినగానే మనం లేచాం, వాళ్ళు కూర్చున్నారు. ఇకమీదట నెలకొక్కసారైనా మనం కూర్చుందాం, వాళ్ళు లేస్తారు. ఆమేన్."

ఆమేన్ అని పాకలోంచి కూడా వినపడింది. అది బాలశౌరి గొంతు, దగ్గుతూ.

అన్నం ముద్దయింది. పప్పు మాడింది. అయినా ఆడవాళ్ళు మొదటి బంతిలో కూర్చుని, అడిగి అడిగి వేయించుకున్నారు. మేరమ్మ ఆవకాయ కోసం సుందరరాజును మూడుసార్లు తిప్పింది. ఆయన మజ్జిగ పోస్తూ, మొదటి ఆదివారానికి కూర ఏం చేయాలో ముందే చెప్పండి సిస్టర్, అని గొణిగాడు. కరుణశ్రీ తల వంచుకుని నవ్వాపుకుంది.

చెయ్యి కడుక్కుని వచ్చాక మేరమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఇంతకీ అమ్మాయ్, 'చివరిగా' తర్వాత ఉండేది ఇంతేనా? ఇన్నేళ్ళూ ఏదో పెద్దది పోగొట్టుకుంటున్నాననుకుని తెగ బాధపడ్డానే."