కట్టు కింద కొత్త చర్మం

వేలి మీద గిన్నె అంచు కోసిన చోటే మళ్ళీ నెత్తురు. సబ్బు నురగ ఎర్రబడుతుంటే ఆమె చూస్తూ నిలబడిపోయింది.

"ఇంకా మానలేదా? పైగా నర్సువి!" అన్నాడు భర్త, తాగిన కప్పు తెచ్చి సింకులో పెడుతూ. తెచ్చి పెట్టడమే మహోపకారం మరి! "మా కాలంలో ఇలాంటివి లెక్కే చేసేవాళ్ళం కాదు," అంది హాల్లోంచి అత్తగారు.

ఆసుపత్రిలో ఆమె పని గాయాలకు కట్లు కట్టడం. రోగులకు రోజూ ఒకటే పాఠం. ఒళ్ళు తెగితే అక్కడ గ్రోత్ ఫ్యాక్టర్లని పుడతాయమ్మా, కంటికి కనపడవు, చుట్టూ ఉన్న కణాలకు కబురు పెడతాయి, రండి, కొత్త చర్మం అల్లండని. వాటి పని వాటిని చేసుకోనివ్వండి, నీళ్ళలో నానబెట్టకండి, గీరకండి. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది. ఇంటికొచ్చి తన చెయ్యి మాత్రం అంట్ల నీళ్ళలో ముంచేది.

బస్సులో కళ్ళు మూసుకుంటే ఆ గ్రోత్ ఫ్యాక్టర్లు కనిపించేవి. ఇల్లిల్లూ తిరిగి తలుపు తడుతుంటాయి. లోపలివాళ్ళు దారం ఉండలు పట్టుకుని బయల్దేరతారు, అల్లిక మొదలుపెడతారు. అంతలో వేడినీళ్ళ వరద. అన్నీ కొట్టుకుపోతాయి. మళ్ళీ మొదటి తలుపు. పాపం, ఎన్నిసార్లని పిలుస్తాయి? ఆమెకు వాటి మీద జాలేసేది. తన మీద జాలిపడటానికి తీరికేదీ?

చివరికి చీము పట్టింది. "పిచ్చిదానా, ఈ వేలు వంగకపోతే నీ ఉద్యోగం ఉంటుందా?" అని హెడ్ నర్సు కసిరి, గాయం కడిగి, మణికట్టు దాకా కట్టేసింది. "విప్పావో, నా మీద ఒట్టే."

ఇంట్లో గగ్గోలు. కానీ ఆకలి ఆగదు కదా! అత్తగారు కూర తరిగింది, భర్త మొహం గంటు పెట్టుకుని గిన్నెలు తోమాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఒళ్ళోకి వచ్చి వాలింది. ఆ వేళ ఇంట్లోకి ఎండ వస్తుందని ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదు. ఎంత హాయిగా ఉందో!

"ఎన్నాళ్ళమ్మా ఇది?" అంది అత్తగారు.

"ఆ గాయాన్నే అడగాలత్తయ్యా."

కొన్నాళ్ళకు హెడ్ నర్సు కట్టు విప్పింది. పల్చటి కొత్త చర్మం. వేలు వంచితే వంగింది. ఆమెకు ఏడుపొచ్చేసింది.

"మానిపోయిందిగా, ఇంటికెళ్ళు."

ఆమె కదల్లేదు. చెయ్యి మళ్ళీ చాపింది.

"ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం కట్టి పంపించక్కా. పొద్దున్నే వచ్చి విప్పేసుకుంటాను."

హెడ్ నర్సు కొత్త కట్టుగుడ్డ చుట్ట తీసి, "ఈసారి మోచేతి దాకా కట్టనా?" అంది.